స్టేటస్ తీసేశాను, ఆయన మాత్రం మాట్లాడటం లేదు

ప్రశ్న: పెళ్లయి తొమ్మిదేళ్లు. డబ్బు విషయంలో మా ఇద్దరికీ గొడవైంది. కోపంలో ఆయన పేరు లేకుండా, కానీ అందరికీ అర్థమయ్యేలా ఒక స్టేటస్ పెట్టాను. బంధువులు వరసగా ఫోన్లు చేశారు. మర్నాడే తీసేశాను. మూడు వారాలుగా ఆయన అవసరానికి మించి మాట్లాడటం లేదు. పేరున్నవాళ్లే తమ కాపురం గొడవలు టీవీల్లో చెప్పుకుంటుంటే, నేను చేసింది అంత తప్పా?

జవాబు: మీకు కోపం రావడం తప్పు కాదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఆయన నలుగురితో పాటు చదవాల్సి వచ్చింది. గుచ్చుకున్నది అదే.

పేరున్నవాళ్ల సంగతి ఎత్తారు కదా. అప్పట్లో బ్రిటన్ యువరాజుగా ఉన్న చార్లెస్ 1994లో తన దాంపత్యం గురించి టీవీలో మాట్లాడారు. మరుసటి ఏడాది ఆయన భార్య డయానా కూడా టీవీలోనే తన బాధ చెప్పుకున్నారు. అప్పటికే విడిగా ఉంటున్నారనుకోండి. అయినా ఆమె ఇంటర్వ్యూ వచ్చిన మరుసటి నెలలోనే, విడాకులు తీసుకోమని చార్లెస్ తల్లి, ఎలిజబెత్ రాణి ఇద్దరికీ ఉత్తరాలు రాశారు. 2022లో హాలీవుడ్ నటుడు జానీ డెప్, ఆయన మాజీ భార్య అంబర్ హెర్డ్‌ల పరువునష్టం కేసు ఆరు వారాల పాటు లైవ్‌లో నడిచింది. ఇంట్లో పోట్లాడుకున్నప్పటి రికార్డింగులు కూడా కోర్టులో వినిపించారు. వాళ్లెవరో తెలియని జనం రెండు జట్లుగా చీలి తిట్టుకున్నారు. చూసేవాళ్లు చేరాక గొడవలో గెలవడం ఒక్కటే మిగులుతుంది.

మీ విషయంలోనూ చిన్నపాటి జట్టు తయారైంది. రేపు మీరిద్దరూ కలిసిపోతారు. మీకు ఫోన్ చేసిన పిన్నికి మాత్రం ఆయన మీద కోపం అంత తొందరగా పోదు. ఆవిడ ఎదుట మళ్లీ మామూలుగా కూర్చోవాల్సింది ఆయన.

అలాగని అన్నీ దిగమింగుకోమనడం లేదు. ఆయన మూడు వారాల మౌనమూ పోట్లాటే, చప్పుడు లేదంతే. దాంపత్యాల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన జాన్ గాట్‌మన్, కాపురాన్ని దెబ్బతీసేవాటిలో ఎదుటివారిని చులకన చేయడంతో పాటు ఇలా బిగుసుకుపోవడాన్నీ చేర్చారు. మీరిద్దరూ చెరొకటి పంచుకున్నట్టున్నారు! ఇక చేయి చేసుకోవడం, బెదిరించడం లాంటివేమైనా ఉంటే మాత్రం ఇవేవీ వర్తించవు. వెంటనే నమ్మకమైనవాళ్లకు, అవసరమైతే పోలీసులకు చెప్పాలి. అది పరువు తీయడం కాదు.

గుట్టుగా బతికే జంటలు పోట్లాడుకోరనుకోకండి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, రోజలిన్ 77 ఏళ్లు కాపురం చేశారు. 1980లలో ఇద్దరూ కలిసి ఒక పుస్తకం రాయబోయి, మొహం చూసి మాట్లాడుకోలేనంతగా గొడవపడ్డారు. చివరికి ఏ పేరా ఎవరు రాశారో పక్కన ఒక అక్షరంతో గుర్తు పెట్టి గట్టెక్కారు. ఈ గొడవ గురించి తర్వాత వాళ్లే లోకానికి చెప్పారు, అదీ తీరిపోయాక.

ముందుగా, మీకు ఫోన్ చేసినవాళ్లకు మీరే ఒక మాట చెప్పండి: 'కోపంలో పెట్టాను, అలా పెట్టకుండా ఉండాల్సింది' అని. ఆ తర్వాత ఆయనతో, 'నలుగురిలో పెట్టడం నా తప్పు, వాళ్లకూ అదే చెప్పాను' అనండి. వెనక 'కానీ మీరు కూడా...' అని తగిలించకండి. ఆయన వెంటనే పలక్కపోవచ్చు, రెండు రోజులు ఆగండి. డబ్బు ఊసు ఆ పూట వద్దు. అది మరో రోజు, లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడుకోండి.