నది ఒడ్డు ఊళ్లో నాలుగు రోజులుంటే చుట్టూ ఉన్న సరస్సులన్నీ చూడొచ్చా?

నది పక్కనే ఉన్న చిన్న ఊళ్లో నాలుగు రోజులు ఉంటామని, చుట్టుపక్కల అయిదారు సరస్సులు ఉన్నాయని, ఇద్దరు పిల్లల్లో ఒకరికే ఈత వచ్చని రాశారు. అన్నీ చూడటం కుదురుతుందా, ఏమేం చేయొచ్చు అని అడిగారు. కుదరడానికి కుదురుతుంది. అయినా చూడొద్దనే చెబుతాను.

ఇలాంటి ఊళ్లలో సెలవులు గడపడం నాకు చాలాకాలంగా అలవాటు. మాతో వచ్చేవాళ్లలో కొందరు లిస్టు రాసుకుని మరీ వస్తారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకోటి, సాయంత్రం మూడోది. ప్రతిచోటా కారు దిగడం, ఫోటోలు తీసుకోవడం, మళ్లీ కారెక్కడం. రాత్రి కూర్చుని చూసుకుంటే ఏ ఫోటో ఏ సరస్సుదో వాళ్లకే తేలదు! అందుకని ఒక సరస్సు ఎంచుకోండి, మహా అయితే రెండు. అక్కడికే తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి వెళ్లండి. నదిని మాత్రం ఒడ్డున నడవడానికి, కూర్చుని చూడటానికి ఉంచుకోండి.

తెల్లవారుజామున అని ఊరికే అనడం లేదు. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి కదలకుండా ఉంటుంది. అందుకే వాతావరణం బాగున్న రోజుల్లో సూర్యోదయం వేళ సరస్సు మీద అల ఉండదు. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి, పైన వీచే గాలి కిందికి దిగుతుంది. మధ్యాహ్నానికి అదే సరస్సు మీద అలలు లేస్తాయి. కయాక్ గానీ తెడ్ల పడవ గానీ అద్దెకు తీసుకుంటే పొద్దున్నే తీసుకోండి. పదకొండింటికి బయల్దేరేవాళ్లు గాలితో కుస్తీ పట్టి, చేతులు పడిపోయి వస్తుంటారు. కాస్త గాలి ఉన్నా వెళ్లాలనుకుంటే, వెళ్లేటప్పుడే గాలికి ఎదురు వెళ్లండి. అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు ఆ గాలే వెనక నుంచి తోస్తుంది. సరస్సు మధ్యకు పోనక్కర్లేదు, ఒడ్డు వెంబడి వెళ్తేనే చూడటానికి ఎక్కువ ఉంటుంది. పడవ తిరగబడితే దాన్నే పట్టుకుని ఉండండి. ఒడ్డు దగ్గర్లోనే ఉన్నట్టు కనిపించినా పడవను వదిలేసి ఈదడం మొదలుపెట్టకండి.

నది పక్కన ఉండే సరస్సుల్లో కొన్ని ఒకప్పుడు ఆ నదే. మెలికలు తిరిగే నది ఏదో ఒక వరదలో మెలికను అడ్డంగా కోసుకుని తిన్నగా పోతుంది. వదిలేసిన వంపు రెండు చివర్లా మేట వేసి, నెలవంక ఆకారంలో సరస్సుగా మిగులుతుంది. బిహార్‌లోని కన్వర్ సరస్సు అలా బూఢీ గండక్ నది వదిలేసిందే. 2020లో దానికి రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకు ఇచ్చే గుర్తింపు, వచ్చింది. మీరు వెళ్లేచోట ఇలాంటిది ఉందేమో మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టి చూడండి, వంపు చూడగానే తెలిసిపోతుంది. పిట్టల కోసమైతే కళ్లు మూసుకుని దాన్నే ఎంచుకోవచ్చు. చివర్లలో నీళ్లు పల్చగా ఉంటాయి, రెల్లు, తుంగ పెరుగుతాయి, కొంగలు అక్కడే చేరతాయి. ఈతకు మాత్రం అంత బాగుండదు, అడుగంతా బురద.

పిల్లలకు పిట్టల పేర్లు నేర్పించే పని పెట్టుకోకండి, విసుగొస్తుంది. ఒక్క లకుముకి పిట్టను చూపించి, అది ఏం చేస్తుందో చూస్తూ కూర్చోమనండి. నీటి మీదికి వంగిన కొమ్మ మీద కదలకుండా కూర్చుంటుంది. ఉన్నట్టుండి నిలువునా నీళ్లలోకి పడి, చేపతో మళ్లీ అదే కొమ్మ మీదికి వస్తుంది. వెంటనే మింగదు. చేప తోకవైపు పట్టుకుని తలను కొమ్మకేసి టపటపా కొడుతుంది. కదలడం ఆగాక ముక్కుతో తిప్పుకుని తలవైపు నుంచి మింగుతుంది, అలాగైతే మొప్పలు, రెక్కలు గొంతుకు అడ్డం పడవు. మా పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేసి మరీ చూసింది ఇదే. నీటికాకి కూడా చూడదగ్గదే. దాని ఈకలు బాతు ఈకల్లా కాకుండా తడిసిపోతాయి, అందుకే మునిగి లేచాక రెక్కలు రెండూ చాచి ఎండలో నిలబడుతుంది.

ఇక ఈత. స్విమ్మింగ్ పూల్‌లో ఈదే బిడ్డకు సరస్సులోనూ ఈత వచ్చేసినట్టే అనుకోకండి. అడుగు కనిపించదు, పట్టుకోవడానికి గట్టు ఉండదు, కాలికి నాచు తగిలితే పిల్లలు భయపడతారు. లోతైన సరస్సుల్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. ఎండకు వేడెక్కిన నీళ్లు తేలికై పైపొరగా ఉండిపోతాయి, చల్లటివి కింద ఉంటాయి. చేతులకు గోరువెచ్చగా తగిలిన నీళ్లే కాళ్లు కిందికి చాపేసరికి చలి పుట్టిస్తాయి. చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగపీలుస్తాం. ఆ క్షణంలో తల నీళ్ల కింద ఉంటే ప్రమాదం, ఎంత ఈతగాడైనా సరే. కాబట్టి దూకొద్దు, మెల్లగా నడిచి దిగండి. నీటి మీద చిక్కటి పచ్చ తెట్టు కనిపిస్తే ఆ రోజుకు ఈత మానేయండి, వెంట కుక్క ఉంటే దాన్నీ దిగనివ్వకండి. ఆ నాచు రకాల్లో కొన్ని విషం విడుదల చేస్తాయి, చూసి ఏది ఏమిటో చెప్పలేం.

నదిని ఒడ్డు నుంచే చూడమని ఎందుకన్నానంటే, పారే నీళ్ల లెక్క వేరు. వేగం రెట్టింపైతే నీటి తోపు నాలుగు రెట్లవుతుంది. మోకాలి లోతే కదా అని దిగినవాళ్లు రాళ్ల మధ్య పాదం ఇరుక్కుని పడిపోవడం ఇందువల్లే. వంపులో బయటివైపు ఒడ్డు కోసుకుపోయి లోతుగా ఉంటుంది, లోపలివైపు ఇసుక మేట వేసి ఉంటుంది. ఆ ఇసుక మీద పిల్లలు ఆడుకోవచ్చు, కానీ మేట అంచు ఒక్కసారిగా దిగిపోవచ్చు, అక్కడికి పోనివ్వకండి. ఎగువన డ్యామ్ ఉందా అని ముందే కనుక్కోండి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది దగ్గర ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. ఇలాంటిచోట్ల చినుకు పడకపోయినా నది పెరుగుతుంది. నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాను సంగతి తర్వాత, ముందు పైకి ఎక్కేయండి.

లైఫ్ జాకెట్ల విషయంలో మొహమాటపడకండి. అద్దెకిచ్చేచోట చేతికందింది తగిలించి పంపేస్తుంటారు. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి పైకి వస్తుంటే అది వదులు, ఇంకోటి అడగండి. గాలి నింపిన ట్యూబులు, బొమ్మ పడవలు లైఫ్ జాకెట్లు కావు, ఒడ్డు నుంచి గాలి వీచిందంటే బిడ్డతో సహా లోపలికి పోతాయి. పెద్దవాళ్లు వంతులు వేసుకుని, వంతు ఉన్నవాళ్లు ఫోన్ ముట్టుకోకుండా పిల్లల్ని చూడాలి. మునిగిపోయేవాళ్లు కేకలు వేస్తారనుకుంటాం. చాలాసార్లు చప్పుడే ఉండదు, ఊపిరికే అందనప్పుడు అరిచేదెక్కడ?

ఉరుము వినిపిస్తే నీళ్లలోంచి, పడవలోంచి బయటికి వచ్చేయాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగకండి. సాయంత్రాలు దోమలుంటాయి, ఫుల్ హ్యాండ్స్ వేసుకోండి. టోపీ పెట్టుకున్నా నీళ్ల మీద నుంచి ఎండ మొహానికి కొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాయండి. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే తీసుకెళ్లండి, నీటిపై మెరుపు తగ్గి ఒడ్డు దగ్గర చేపలు కనిపిస్తాయి. మధ్యాహ్నాలు ఏం చేయాలంటారా, హాయిగా పడుకోండి. నాలుగింటికి లేవాలన్న తొందర ఉన్న పిల్లలు నలుగురి నిద్రా చెడగొడతారు, అది వేరే సంగతి.

ఆ అయిదారింటిలో దేన్ని ఎంచుకోవాలో ఇక్కడి నుంచి నేను చెప్పలేను, మొదటి రోజు సాయంత్రం ఊళ్లో చేపలు పట్టేవాళ్లను అడగండి. ఎక్కడ లోతు, ఎక్కడ ఊబి, ఏ వైపు గాలి తగలదు, అన్నీ వాళ్లకు తెలుసు. ఒడ్డు ఏటవాలుగా ఉండి, ఒకవైపైనా చెట్ల నీడ ఉంటే చాలు. బస నుంచి నడిచి వెళ్లగలిగేది ఒక్కటున్నా నా ఓటు దానికే. మిగతావి ఎంత పేరున్నవైనా సరే, చీకటితో పిల్లల్ని లేపి కారెక్కించడం కన్నా చెప్పులు తొడిగి నడిపించుకుపోవడం తేలిక.