కాఫీ తాగిన డాఫ్నియా, నీట్ రాయాల్సిన అమ్మాయి

ప్రశ్న: మాది భీమవరం. రొయ్యల మేత, చెరువు మందులు అమ్మే దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం. సంక్రాంతి సెలవుల్లో అక్వేరియం దుకాణం నుంచి డాఫ్నియాలు (మంచినీటిలో ఉండే చిన్న చిన్న ప్రాణులు) తెచ్చింది. వాటి నీటిలో కాఫీ డికాక్షన్ కలిపి, మైక్రోస్కోప్ కింద గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టింది. పలుచటి డికాక్షన్‌లో వేగం పెరిగిందట, చిక్కటి దానిలో తగ్గిందట. ఇక నీట్ వద్దు, ఇలాంటి పరిశోధనే చేస్తానంటోంది. ఆమె నోటుపుస్తకం ఫొటోలు పంపుతున్నాను. దీనితో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: నమస్కారమండీ. బతుకుతెరువు సంగతి చెబుతాను కానీ, ముందు మీరు పంపిన ఐదో పేజీ గురించి. "మూడో ప్రాణి: 212. ఈ లెక్క మీద నాకు నమ్మకం లేదు, దీపం చాలాసేపు వెలిగి ఉంది" అని రాసుకుంది మీ అమ్మాయి. పిల్లల ప్రాజెక్టుల నోటుపుస్తకాలు నా దగ్గరికి చాలానే వస్తాయి. గ్రాఫులు ముచ్చటగా ఉంటాయి, అంకెలన్నీ చెప్పినట్టు వింటాయి. తన లెక్కను తానే అనుమానించిన పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పైగా ఆ అనుమానం సరైనదే. డాఫ్నియా మీ రొయ్యకు దూరపు చుట్టం, శీతల రక్త ప్రాణి. మైక్రోస్కోప్ దీపానికి నీటిచుక్క వేడెక్కితే, కాఫీ లేకపోయినా గుండె పరుగెడుతుంది. ఒళ్లు అద్దంలా ఉండటం వల్ల తల వెనక, వీపు వైపు కొట్టుకునే ఆ గుండె బయటికే కనిపిస్తుంది. బడిపిల్లల ప్రయోగాలకు దానిని ఎంచుకునేది అందుకే. అయితే చూడటం వేరు, లెక్కపెట్టడం వేరు. సెకనుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సార్లు కొట్టుకునే గుండెను నోటితో లెక్కపెట్టలేం. ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి, తర్వాత తీరిగ్గా లెక్కపెట్టమనండి. ప్రాణి కదలకుండా చుక్కలో రెండు దూది పోగులు వేస్తే చాలు. సీసాలకు మీరు గుర్తులు వేయండి. దేనిలో ఏముందో లెక్క పూర్తయ్యేదాకా ఆమెకు చెప్పవద్దు. పెరగాలని మనసు కోరుకుంటే కన్ను రెండు ఎక్కువే చూస్తుంది.

అసలు లోపం మరొకటి ఉంది. కాఫీ అంటే ఒక్క కెఫీన్ కాదు, అందులో వందల రసాయనాలు ఉంటాయి, కాస్త పులుపు కూడా ఉంటుంది. గుండె వేగం మారింది దేనివల్ల? కెఫీన్ తీసేసిన కాఫీతో అదే ప్రయోగం చేసి పోల్చితే కొంత తేలుతుంది. తూచి కలిపిన కెఫీన్ ద్రావణమైతే ఇంకా మంచిది కానీ, అది కళాశాల ప్రయోగశాలలో, అధ్యాపకుల ఎదుటే జరగాలి. శుద్ధ కెఫీన్ పొడిని ఇంటికి రానివ్వవద్దు. కొన్ని గ్రాములు పెద్దవాళ్ల ప్రాణం తీయడానికి చాలు.

చిక్కటి డికాక్షన్‌లో వేగం తగ్గడం నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. అది ఉత్తేజకం మరో రకంగా పనిచేయడమా, లేక ప్రాణి విషానికి లొంగిపోవడమా? తిరిగి మంచినీటిలో వదిలితే ఎన్ని తేరుకున్నాయో రాసుకుంటే ఒక ఆధారం దొరుకుతుంది. మనిషిలో కెఫీన్ అడినోసిన్ గ్రాహకాలకు (అలసట సంకేతాన్ని అందుకునే అణువులకు) అడ్డుపడుతుందని పాఠంలో ఉంటుంది. అదే కథను డాఫ్నియాకు అతికించి ముగింపు రాసేయవద్దని మాత్రం చెప్పండి. గుండె వేగం లెక్కపెట్టినంత మాత్రాన కారణం తెలిసిపోదు.

ఇప్పుడు మీ ప్రశ్న. ఎంత మోతాదుకు ఏమవుతుంది, ఎంతసేపట్లో, ఎన్నిటికి? మీ దుకాణానికి వచ్చే రైతు చెరువు మందు గురించి అడిగేదీ ఇదే కదా. ఈ ప్రశ్నకు జవాబు వెతికే శాస్త్రం ఫార్మకాలజీ. విషప్రభావాల వైపు వెళితే టాక్సికాలజీ. డాఫ్నియా అక్కడ ఆటవస్తువు కాదు. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రసాయన పరీక్షలకు ఇచ్చిన 202వ మార్గదర్శకం ప్రకారం 24 గంటల వయసు దాటని డాఫ్నియా పిల్లలను రసాయనం కలిపిన నీటిలో 48 గంటలు ఉంచి, ఎన్ని కదలలేకపోయాయో లెక్కిస్తారు. పురుగుమందులు, కొత్త రసాయనాల భద్రతను ఇలాంటి పరీక్షలతోనే తేలుస్తారు. వీటిని జీఎల్‌పీ (ప్రయోగశాలలు పాటించాల్సిన నాణ్యతా నియమాలు) గుర్తింపు పొందిన ప్రయోగశాలలు చేస్తాయి. అవి జీతమిచ్చే ఉద్యోగాలే.

దారులు చాలా ఉన్నాయి, నాకు నచ్చిన వరుసలో చెబుతాను. ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్య, పరిశోధన) సంస్థల్లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, వాటిలో ఒకటి తిరుపతిలోనే ఉంది. ప్రవేశానికి ఐఏటీ అనే సొంత పరీక్ష రాయాలి. "ఎందుకు" అని అడగడం మానని పిల్లలకు అంతకంటే తగిన చోటు తక్కువ. త్వరగా ఉద్యోగం కావాలంటే బీఫార్మసీ చేసి, జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, ఎంఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకోవచ్చు. హైదరాబాద్ ఔషధ కంపెనీలు దగ్గరే. మీ వ్యాపారానికి దగ్గరగా ఉండేది నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ, అంటే మత్స్యశాస్త్ర డిగ్రీ. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది.

పరిశోధన దారి పొడవైనదని దాచను. పీహెచ్‌డీ అయ్యేసరికి వయసు ఇరవై ఎనిమిదేళ్లు దాటవచ్చు. మధ్యలో చేయి చాచే పని మాత్రం ఉండదు, జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు (2023 నుంచి అమల్లో ఉన్న మొత్తం ఇది). దాని మీద ఇల్లు కట్టలేరు, చదువు మాత్రం సాగుతుంది.

నీట్ మాటకొస్తే, దానిని ఇప్పుడే వదిలేయమని నేను అనను. ఐఏటీలో లెక్కలు అదనంగా ఉన్నా, మిగతా మూడు సబ్జెక్టుల సిలబస్ చాలావరకు కలుస్తుంది. రెండూ రాయవచ్చు. ఎంబీబీఎస్ వచ్చినా దారి మూసుకుపోదు, ఎండీలో ఫార్మకాలజీ ఉంది. క్లినికల్ సీట్ల కోసం తోపులాట జరిగే చోట ఆ సీటు వైపు తక్కువ మంది చూస్తారు. మీ అమ్మాయిలాంటివాళ్లకు అది వరం. డాక్టరా, సైంటిస్టా అని ఇంట్లో ఈ సంవత్సరమే పంచాయితీ పెట్టవలసిన పని లేదు.

వేసవిలో ప్రయోగం మళ్లీ చేస్తుంది కాబట్టి ఒక్క సాయం చేయండి. దీపానికి, స్లైడుకు మధ్య వేడి చేరకుండా చూడటానికి ఏదైనా ఉపాయం ఆలోచించమనండి. ఎల్ఈడీ దీపమైతే వేడి తక్కువ. చుక్క ఉష్ణోగ్రతను కూడా ప్రతిసారీ రాయమనండి. ఫెయిర్ కాపీ రాసేటప్పుడు ఆ 212ను మాత్రం కొట్టేయనివ్వకండి.