ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజన్‌కి 1930లోనే పేటెంట్ అప్లై చేశాడు కదా, అది గాల్లోకి లేవడానికి 1941 దాకా ఎందుకు పట్టింది? అసలాయన పైలటా, ఇంజనీరా?

రెండూ. రెండూ కాబట్టే ఆ ఆలోచన ఆయనకి తట్టింది, అది చివర్లో చెప్తాను. ఆలస్యం సంగతికొస్తే "ప్రభుత్వం పట్టించుకోలేదు" అనే జవాబే అందరూ చెప్తారు. అది సగం నిజం. మిగతా సగం మంట దగ్గరా, టర్బైన్ (వేడి గ్యాస్ తాకిడికి తిరుగుతూ ఇంజన్‌ని నడిపే చక్రం) బ్లేడ్ల దగ్గరా ఉంది.

1907లో కొవెంట్రీలో పుట్టాడు. ఎత్తు చాలలేదని ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మొదట్లో తిప్పి పంపింది. 1923లో అప్రెంటిస్‌గా చేరి, 1926లో క్రాన్‌వెల్ కాలేజీలో ఆఫీసర్ క్యాడెట్ అయ్యాడు. ఫైటర్ స్క్వాడ్రన్‌లో పనిచేశాడు, తర్వాత ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్. 1930 హెండన్ విమాన ప్రదర్శనకి విన్యాసాలు ప్రాక్టీస్ చేస్తూ రెండు విమానాలు విరగ్గొట్టాడు, అదో ముచ్చట. పేటెంట్ దరఖాస్తు పెట్టిందీ ఆ ఏడాదే, జనవరిలో. ఎయిర్ మినిస్ట్రీ (బ్రిటన్ విమానయాన శాఖ) ఆసక్తి చూపలేదు. 1935లో రెన్యువల్ ఫీజు 5 పౌండ్లు కట్టేవాళ్లు లేక పేటెంట్ కాస్తా పోయింది. అప్పుడాయన కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఆర్‌ఏఎఫ్ పంపితేనే.

1936లో పవర్ జెట్స్ కంపెనీ పెట్టారు. చేతిలో మొదట ఉన్నది 2,000 పౌండ్లు. సర్వీసు ఆఫీసర్ కాబట్టి ఆ పనికి వారానికి ఆరు గంటలకి మించొద్దని షరతు. ఇది కాగితం మీద మాటే అనుకోండి.

1937 ఏప్రిల్ 12న రగ్బీ అనే ఊళ్లో, ఒక టర్బైన్ ఫ్యాక్టరీ షెడ్డులో ఇంజన్‌ని మొదటిసారి స్టార్ట్ చేశారు. మెయిన్ వాల్వ్ తెరవగానే ఇంజన్ కేక పెడుతూ వేగం అందుకుంది. విటిల్ వెంటనే వాల్వ్ మూసేశాడు. అయినా స్పీడు పెరుగుతూనే ఉంది! చుట్టూ ఉన్నవాళ్లు పరుగో పరుగు. కారణం చాలా మామూలుది: స్టార్ట్ చేసే ముందు ఫ్యూయల్ లైన్లలో గాలి తీస్తుంటే కొంత ఇంధనం కారి కంబస్చన్ ఛాంబర్ (ఇంధనం మండే డబ్బా) అడుగున మడుగు కట్టింది. వాల్వ్ మూసినా ఆ మడుగు మండుతూనే ఉంది. తర్వాత అడుగున డ్రెయిన్ పెట్టారు. ఆగిపోయిన ఇంజన్‌లో మిగిలిన ఇంధనాన్ని బయటికి తీసే డ్రెయిన్ ఇప్పటి జెట్ ఇంజన్లలోనూ ఉంటుంది.

అసలు చిక్కు ఇంకోటి. 19 అంగుళాల ఇంపెల్లర్ (గాలిని నొక్కి లోపలికి పంపే కంప్రెసర్ చక్రం), రెండు వైపులా గాలి పీల్చేది, నిమిషానికి 17,750 తిరగాలి. అంత గాలి దూసుకుపోతుంటే చిన్న డబ్బాలో మంట నిలబడాలి. అప్పటి బాయిలర్ ఫర్నేసుల్లో మండే దానికంటే ఎన్నో రెట్లు తీవ్రంగా, అదే చోటులో. విటిల్ మొదట ఇంధనాన్ని వేడి ట్యూబుల్లో ఆవిరి చేసి మండించే పద్ధతి పట్టుకుని వేలాడాడు. ట్యూబుల్లో బొగ్గు పేరుకునేది, వేడికి అవి వంకర్లు పోయేవి, మంట ఒక పక్కకే ఎగిసేది. ఒక పక్క ఎక్కువ వేడెక్కితే దెబ్బ నేరుగా టర్బైన్‌కే. ఒకే పెద్ద ఛాంబర్ మానేసి 1938లో పది చిన్న ఛాంబర్లకి మారారు. 1940లో షెల్ కంపెనీకి చెందిన లబక్ అనే ఆయన ఇంధనాన్ని సుడి తిప్పి సన్నటి తుంపరగా చిమ్మే బర్నర్ ఇచ్చాకగానీ ఆ గొడవ ఓ కొలిక్కి రాలేదు. నా లెక్కలో మొత్తం ఆలస్యంలో ఎక్కువ వాటా దీనిదే.

బ్లేడ్ల కథ వేరే. నాజిల్ రింగు (గ్యాస్‌ని టర్బైన్ మీదికి మళ్లించే వలయం) దాటిన గ్యాస్ సుడి తిరుగుతూ వస్తుంది: మొదలు దగ్గర వేగం ఎక్కువ, కొస దగ్గర తక్కువ. అందుకని బ్లేడు మొదలు నుంచి కొసకి బాగా మెలి తిరిగి ఉండాలని విటిల్ పట్టుబట్టాడు. ఆవిరి టర్బైన్లు చేసి చేసి అలవాటైన ఇంజనీర్లు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, తర్వాత ఆయన మాటే నిజమైంది. బ్లేడు డిస్కులో దిగే చోట కూడా పగుళ్లొచ్చేవి. లోడు ఒక్కచోట పడకుండా మొదలుని పళ్లు పళ్లుగా చెక్కే 'ఫర్ ట్రీ' పద్ధతికి వెళ్లారు. ఎర్రగా కాలుతూ సాగిపోకుండా ఉండే లోహం, నిమోనిక్ 80 అనే నికెల్ మిశ్రలోహం, ఇంకా ఆలస్యంగా అందింది.

1939 జూన్ చివర్లో 16,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజన్ నిలకడగా నడవడం మినిస్ట్రీ మనిషి కళ్లారా చూశాకే విమానానికి ఆర్డరొచ్చింది. 1941 మే 15 సాయంత్రం క్రాన్‌వెల్‌లో గ్లోస్టర్ E.28/39 ని జెర్రీ సేయర్ 17 నిమిషాలు ఎగరేశాడు. ఇంజన్ థ్రస్ట్ (ముందుకు తోసే బలం) 860 పౌండ్లు, అంటే 390 కిలోల బరువుకి సమానం.

ఇప్పుడు పైలట్ సంగతి. ఎయిర్ మినిస్ట్రీ తరఫున ఆ ఆలోచన చూసి 1929లో వద్దన్న గ్రిఫిత్ తెలివితక్కువవాడేం కాదు, టర్బైన్ సిద్ధాంతం మీద 1926లోనే పేపర్ రాసినవాడు. గ్యాస్ టర్బైన్‌లో వచ్చే శక్తిని చాలావరకు కంప్రెసరే తినేస్తుంది. కంప్రెసర్, టర్బైన్‌ల ఎఫిషియెన్సీ కొంచెం తగ్గినా చేతికి మిగిలేది సున్నా. అప్పటి కంప్రెసర్లతో నేల మీద లెక్క వేస్తే ఆయన చెప్పింది సబబే. విటిల్ మాత్రం పైలట్ కాబట్టి లెక్కని చాలా ఎత్తుకి తీసుకెళ్లి, గంటకి 500 మైళ్ల దగ్గర వేశాడు. అక్కడ గాలి చల్లన, ప్రెజర్‌ని అన్నే రెట్లు పెంచడానికి కంప్రెసర్‌కి తక్కువ శక్తి చాలు. గాలి పల్చన, విమానానికి డ్రాగ్ (గాలి అడ్డు) తక్కువ. పైగా ఎదురుగాలి వేగమే కొంత కంప్రెషన్ ఇచ్చేస్తుంది.

జర్మనీలో హైన్‌కెల్ He 178 1939 ఆగస్టు 27నే ఎగిరింది కదా అంటారా? దాని ఇంజన్ చేసిన ఫాన్ ఓహైన్‌కి వెనకాల విమానాల ఫ్యాక్టరీయే ఉంది, అదొకటి. రెండోది, ఆయన మొదటి ప్రయోగ ఇంజన్‌ని హైడ్రోజన్ గ్యాస్‌తో నడిపాడు. హైడ్రోజన్ ఎలాగైనా మండుతుంది, తుంపరతో పనిలేదు. కంప్రెసర్, టర్బైన్ పనిచేస్తాయని ముందు చూపించి యజమానిని ఒప్పించి, మంట గొడవ తర్వాత చూసుకున్నాడు. విటిల్ మొదటి రోజు నుంచే ద్రవ ఇంధనంతో కుస్తీ పట్టాడు.