పెయింటింగ్ షెడ్డులో చేరాక తమ్ముడికి రాత్రిళ్ళు ఆయాసం, ఇది పని వల్లేనా?

మీ తమ్ముడు కార్ల పెయింటింగ్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు, రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం, డాక్టర్ డస్ట్ ఎలర్జీ అన్నాడు అని రాశారు కదా. నేను విజయవాడ ఆటోనగర్‌లో పెయింటర్‌ని, ఇరవై ఏళ్ళ పైమాటే. ముందు ఒక్కటి చూడండి, సెలవుల్లో ఎలా ఉంటున్నాడు? పండక్కి ఇంటికొస్తే తేలిగ్గా ఉండి, షెడ్డుకెళ్ళిన ఒకట్రెండు రోజులకే మళ్ళీ మొదలైతే అది పని వల్లేనని నేనైతే రాసిస్తా.

మా షెడ్డులో తిరువూరు వైపు కుర్రాడొకడు చేరాడు, పదిహేడేళ్ళుంటాయి. మొదట్లో వరస తుమ్ములు, ముక్కు కారడం, పుట్టీ రుద్దిన దుమ్మేలే అన్నారంతా. నేర్చుకునే పిల్లలు షెడ్డులోనే పడుకుంటారు, ఓసారి డెలివరీ ఉందని నేనూ ఉండిపోయా, అర్ధరాత్రి దాటాక చూస్తే వీడు రిపేరుకొచ్చిన కారు వెనక సీట్లో డోర్ తెరుచుకుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి ముందుకి వంగి కూర్చున్నాడు, పిల్లికూతలు నాకు బయటికి వినపడుతున్నాయి. ఏంట్రా అంటే "ఏం లేదు బాబాయ్, నిద్ర పట్టట్లా" అంటాడు. చెప్తే పని మాన్పిస్తారని భయం. సంక్రాంతికి ఊరెళ్తే వాళ్ళమ్మ ఫోన్లో "ఇక్కడ దగ్గే లేదయ్యా, పండగ మూడ్రోజులూ పందేల బరి దగ్గరే ఉన్నాడు" అంది. బరి దగ్గర లేచే దుమ్ముకి రాని ఆయాసం, తిరిగొచ్చి ఒక బంపర్‌కి క్లియర్, అంటే రంగు మీద మెరుపుకి వేసే పూత, కొట్టిన రాత్రే వచ్చింది. ఇంక డస్ట్ ఎలర్జీ ఎలా అవుద్దండీ?

అసలు సంగతి హార్డ్‌నర్, అంటే పూత గట్టిపడ్డానికి కలిపే మందు. టూకే కలర్లో (రెండు డబ్బాలవి కలిపి కొట్టే రంగు), క్లియర్లో కలిపే ఆ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలుంటాయి, 1984లో భోపాల్‌లో లీకైన గ్యాస్‌కి చుట్టాలే. ఘాటు వాసన థిన్నర్‌ది, అందరూ దానికే భయపడతారు. హార్డ్‌నర్ మాత్రం కొందరికి వారాల్లో, కొందరికి ఏళ్ళకి పడకుండా పోద్ది, అలా పోయిందంటే ఇంక కాస్త తగిలినా చాలు. పైగా కొట్టిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చు, అందుకే రాత్రిళ్ళు వస్తది, అందుకే ఎవరూ పనికి ముడిపెట్టరు. కర్చీఫులు, కరోనా టైం మాస్కులు దీన్ని ఆపలేవు, పైపుతో మంచి గాలి వచ్చే మాస్కు కావాలి. లక్షల బండ్లకి పెయింటేయించే ఓనర్లు అదొక్కటి కొనరు, అడిగితే "మేమూ ఇలాగే నేర్చుకున్నాం, అలవాటైపోద్ది" అంటారు. అలవాటు కాదు, ముదిరిపోద్ది! పని వల్ల జబ్బొస్తే పరిహారం ఇప్పించే చట్టంలోని జబ్బుల జాబితాలో ఇలాంటి ఆస్తమా ఉంది, కానీ రిజిస్టర్లో పేరే లేని పిల్లాడు ఎవర్ని అడుగుతాడు? డాక్టర్లేమో "ఏం పని చేస్తావు బాబూ" అని ఒక్క ముక్క అడగకుండా బిళ్ళలు రాసేస్తారు.

మావాణ్ణి చివరికి ఛాతీ డాక్టర్‌కి చూపిస్తే ఆయన అడిగాడు. పీక్ ఫ్లో మీటర్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం, కొన్ని వందల్లో వచ్చేస్తది, గట్టిగా ఊదితే ముల్లు కదులుద్ది. రోజుకి నాలుగుసార్లు, పని రోజులూ సెలవులూ కలిపి కొన్ని వారాలు రాయమన్నాడు, ప్రతిసారీ మూడుమాట్లు ఊది ఎక్కువొచ్చింది వేసుకోవాలి. ఆదివారం 450 దాటేది, క్లియర్ కొట్టిన రాత్రి 330కి పడిపోయేది. ఆస్పత్రిలో ఊదితే నార్మల్ వచ్చిందని వదిలేయకండి, ఆ రోజు సెలవు పెట్టి వెళ్ళుంటాడు కదా. అలాగని పరీక్షలవకుండానే పని మాన్పించేస్తే సంగతి తేలడం కష్టం, కాకపోతే ఆయాసం గట్టిగా వచ్చిందంటే పుస్తకం, లెక్కలు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

తొందరగా బయటపడ్డాడు కాబట్టి మావాడు ఇప్పుడు ఆటో ఎలక్ట్రికల్ షాపులో శుభ్రంగా పని చేసుకుంటున్నాడు. అదే షెడ్డులో డెంటింగ్‌కి, అంటే సొట్టలు తీసే పనికి, మారుస్తామంటే ఒప్పుకోకండి, పీల్చేది ఆ గాలే. ఏళ్ళ తరబడి లాక్కొచ్చినవాళ్ళు పని మానేసినా ఇన్‌హేలర్ వదల్లేకపోతున్నారు, నా కళ్ళ ముందే ఉన్నారు. మీ తమ్ముడి చేత ఏ రోజు ఏం కొట్టాడో కూడా ఆ అంకెల పక్కనే రాయించండి, డాక్టర్ దగ్గరికెళ్ళేటప్పుడు హార్డ్‌నర్ డబ్బా మీది లేబుల్ ఫొటో తీసి పట్టుకెళ్ళండి.