మనవరాలికి ‘తంగేడు’ అని పేరా?

కరీంనగర్ వైపు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం: ‘నాకు 56 ఏళ్లు. ముద్దపప్పు బతుకమ్మ నాడు మనవరాలు పుట్టింది. స్వాతి నాలుగో పాదం, ‘త’తో పేరు పెట్టమన్నాడు పంతులు. కొడుకు, కోడలు ‘తంగేడు’ అని ఖాయం చేసుకున్నారు. చెట్టు పేరేంది, బడిలో నవ్వరా? చనిపోయిన మా అత్తమ్మ పేరు పెట్టమంటే కోడలు వినడం లేదు. నా పేరు కూడా పెళ్లిలో అత్తమ్మే మార్చింది, ఆడబిడ్డకు అదే పేరుందని. నేనేమన్నా అన్నానా? కోడలికి ఎట్లా నచ్చజెప్పాలి?’

నచ్చజెప్పకండి.

బడి సంగతి ముందే తేల్చేద్దాం. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో తర్వాతి బిడ్డను పెంట మీద పడుకోబెట్టి తీసి పెంటమ్మ అనీ, ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లమ్మ అనీ పిలుచుకున్నవాళ్లం మనం. ఆ పేర్లతోనే వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఇప్పుడేమో ఏ క్లాసులో చూసినా ఇద్దరు ముగ్గురు ఆద్యలు. వాళ్ల మధ్య ఒక తంగేడు ఉంటే టీచరుకే సుఖం. అయినా ఏటా మీరు బతుకమ్మలో పేర్చే పువ్వే కదా అది! గౌరమ్మకు పనికొచ్చింది మనవరాలికి పనికిరాదా?

మీరు రాసిన మూడు పేజీల్లో మీ పేరు మారిన సంగతి రెండే వాక్యాలు. నేను ఆగిపోయింది అక్కడ. పుట్టింటివాళ్లు పెట్టిన పేరును ఒక్కపూటలో తీసేశారు. మీరు నోరెత్తలేదు. ఎత్తనందుకు మంచి కోడలు అనిపించుకున్నారు. ఇప్పుడు మీ కోడలు నోరెత్తేసరికి మీకు కోపం వచ్చింది. మీ తగాదా ఆ పిల్లతో కాదమ్మా, మీ అత్తమ్మతో. ఆవిడను అడగలేకపోయిన మాట లోపలే ఉండిపోయింది. పైగా మీ పేరు తీసేసినావిడ పేరే పసిదానికి పెట్టాలంటున్నారు! పెద్దల మీద గౌరవం నాకూ ఉంది. కానీ మన గొంతు నొక్కినవాళ్లకు మనమే గుడి కట్టాలంటే నేను ఒప్పుకోను.

మీ అబ్బాయికీ ఒక మాట. పేరు ఖాయం చేసుకునే ముందు అమ్మకు ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది. నానమ్మకు అడిగించుకునే హక్కుంది. తేల్చే హక్కు మాత్రం కన్నవాళ్లదే.

ఇరవై ఒకటో రోజు దగ్గరపడిందని టెన్షన్ పడకండి. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి గానీ, అప్పటికి పేరు లేకపోయినా ఫరవాలేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఈలోగా కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని మీ పేరు పోయిన రోజు ఏం జరిగిందో మొత్తం చెప్పండి. కొడుకు వినకపోయినా సరే, ఆమె వినాలి. బియ్యంలో రెండు మూడు పేర్లు రాయడం చాలా ఇళ్లలో ఉన్నదే కదా. తంగేడు కింద ఇంకో పేరు రాయాలని మీకుంటే, ఆమె సరేనంటే, మీ పుట్టింటి పేరు రాయించండి.

ఉత్తరం చివర మీ సంతకం అత్తమ్మ పెట్టిన పేరుతోనే ఉంది. మళ్లీ రాసినప్పుడు మొదటి పేరుతో రాయండి.