సోఫా లేని ఇంటికి పదిమందిని పిలిచిన బిడ్డకు

బిడ్డా,

నీ మెసేజ్ చదివాను. హన్మకొండ నయీంనగర్‌లో మీరు అద్దెకు తీసుకున్న ఇంటికి మీ ఆఫీసువాళ్లు పదిమంది వచ్చే ఆదివారం సాయంత్రం వస్తామన్నారని, హాల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు తప్ప ఏమీ లేవని, కిస్తీల మీద సోఫా సెట్టు తెచ్చుకుందామా అని అడిగావు. వద్దు. మీ హాలు పది బై పన్నెండు అన్నావు. అందులో సోఫా సెట్టు పెడితే ఐదుగురు కూర్చుంటారు, మిగతా ఐదుగురు ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడతారు. అదే నేల మీద జంపఖానా పరిస్తే పదిమంది సక్లముక్లం పెట్టుకుని హాయిగా కూర్చుంటారు, మధ్యలో పళ్లేలు పెట్టుకోవడానికి జాగా కూడా మిగులుతుంది.

ఇంటికి వచ్చినవాళ్లకు గంటలో లేచిపోవాలనిపించకూడదు, పొద్దుపోయేదాకా కూర్చోవాలనిపించాలి. ఏది కొన్నా, ఏది సర్దినా ఈ లెక్కే పెట్టుకో. అట్లా చూస్తే నేల ముందు, వెలుతురు తర్వాత, గోడల సంగతి ఆ తర్వాత. చేతిలో ఐదువేలు ఉంటే మూడువేలు నేలకే పెట్టమంటాను.

జంపఖానా కోసం మాల్స్ తిరగకు. వరంగల్ కొత్తవాడకు వెళ్లు. అక్కడి చేనేత సంఘాల్లో, మగ్గాల ఇళ్లల్లో నేసినవి నేసినట్టే దొరుకుతాయి. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. మన జంపఖానాలకు 2018లో, ఈ ప్రాంతం సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. ఇంత పేరున్న సరుకు ఆటో దూరంలో పెట్టుకుని, ప్లాస్టిక్ దారంతో మెషీన్ మీద చేసిన కార్పెట్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం నాకు నచ్చదు. దాని మీద ఎండాకాలం పది నిమిషాలు కూర్చుంటే కాళ్లు చెమట పడతాయి. నూలు జంపఖానా చెమట పీలుస్తుంది, మడతపెట్టి బీరువా మీద పడేయవచ్చు, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు.

కొనేముందు రెండు పనులు చెయ్యి. ఒకటి, హాల్లో పాత న్యూస్‌పేపర్లు పరిచి చూడు. తలుపు తెరుచుకునే జాగా వదిలిపెట్టి ఎంత మేరకు కావాలో పేపర్ల మీదే తెలిసిపోతుంది, ఆ కొలత టేపుతో తీసి రాసుకుని వెళ్లు. కంటి అంచనా మీద కొంటే మూరెడు తక్కువైనా, ఎక్కువైనా రోజూ చికాకే. రెండోది, కొట్లో దాన్ని తిరగేసి చూడు. డిజైన్ నేతలోనే ఉంటే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంటే ఒకవైపు మాసిన రోజు తిప్పి వేసుకోవచ్చు. పైన ప్రింటు వేసినవి కూడా అందంగానే ఉంటాయి కానీ వాటికి ఒకటే ముఖం. పిల్లలు, టీ గ్లాసులు తిరిగే ఇంటికి నేతలో డిజైన్ ఉన్నదే మేలు. లేత రంగు వద్దు. ముదురు ఎరుపు, నీలం, ఆకుపచ్చ అయితే పచ్చిపులుసు ఒలికినా కనపడదు. మొదటిసారి ఉతికేటప్పుడు మాత్రం విడిగా, చల్లనీళ్లలో ఉతుకు.

నేల మీద కూర్చునేవాళ్లకు వీపు ఆనడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే అరగంటకే కదలడం మొదలుపెడతారు. దానికి మెత్తలు కావాలి. మీ అమ్మ పెట్టెలో కట్టకుండా ఉన్న పాత నేత చీరలు ఉంటాయి, అడిగి తెచ్చుకో. పత్తికి పేరున్న ఊళ్లో ఉంటూ ఫోమ్ మెత్తలు కొనడం ఏమిటి, దూది ఏకించి నింపించుకో, గట్టిగా నింపమని చెప్పు. గోడ పొడవునా ఐదారు వేస్తే చాలు. అన్నీ ఒకే రంగులో ఉండాలని పట్టుబట్టకు. ఒక చీర అంచు, ఇంకో చీర పల్లూ కలిస్తేనే కళ. అదే చీరల్లో పరదాలు కూడా వస్తాయి. ఐదున్నర మీటర్ల చీరను మూడు ముక్కలు చేస్తే, మడత కుట్లు పోను ఐదడుగుల కిటికీ పరదాలు మూడు తయారవుతాయి. పడమటి కిటికీకి మాత్రం పలుచని చీర వాడకు, మన ఎండలకు అది ఆగదు, ముతక నూలుదే వెయ్యి.

నా దగ్గర గొంగడి ఒకటి ఉంది, అది నీకు పంపిస్తాను. కురుమలు నల్లగొర్రెల ఉన్నితో నేసింది, చింతగింజల గంజి పెట్టింది కాబట్టి మొదట్లో బిరుసుగానే ఉంటుంది. ఒంటికి గుచ్చుకుంటుంది కనుక దాన్ని కూర్చునే చోట పరవకు, ఒక మూలన గోడకు వేలాడదీసి దాని ముందు మెత్తలు పెట్టు. ఆ నలుపు ముందు ఏ రంగు మెత్త పెట్టినా ఎక్కి వస్తుంది. అప్పుడప్పుడు ఎండకు వెయ్యి, మడతల్లో వేపాకు పెట్టు, పురుగు పట్టదు.

ఇక వెలుతురు. పైన ట్యూబ్‌లైట్ ఒక్కటే వేసి పదిమందిని కూర్చోబెడితే బస్టాండులో వెయిటింగ్ హాల్ లాగా ఉంటుంది. సాయంత్రం దాన్ని ఆపెయ్యి. వార్మ్ వైట్ ఎల్‌ఈడీ బల్బులు అడుగు, డబ్బా మీద 2700 గానీ 3000 కెల్విన్ గానీ రాసి ఉంటుంది. ఏడు వాట్లవి రెండు, అంతే. వాటిని పైన కాకుండా కూర్చున్నవాళ్ల భుజాల ఎత్తులో, గది రెండు మూలల్లో పెట్టాలి.

లాంపు కొనకు, చేసుకో. మేదరివాళ్ల దగ్గర మూరెడు ఎత్తున్న వెదురు గంప తీసుకో. సందులున్న అల్లిక చూసి తీసుకోవాలి, చాటలాగా గట్టిగా అల్లినదైతే వెలుతురు రాదు. అడుగున మధ్యలో నాలుగు పుల్లలు నెమ్మదిగా పక్కకు జరిపితే హోల్డర్ పట్టేంత సందు వస్తుంది, కత్తిరించాల్సిన పని లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి హోల్డర్, రెండు మీటర్ల వైరు, ప్లగ్గు బిగించమను, ఆ పని నువ్వు చెయ్యకు. గంపను బోర్లించి చిన్న పీట మీద పెట్టి బల్బు వెయ్యి. అల్లిక నీడ గోడ నిండా, స్లాబు దాకా పాకుతుంది. ఖాళీ గోడకు అంతకంటే తక్కువ ఖర్చులో అలంకారం నాకు తెలియదు. ఒక్క జాగ్రత్త, లోపల ఎల్‌ఈడీ బల్బే ఉండాలి. పాతకాలం ఫిలమెంట్ బల్బు వేడికి వెదురు మాడుతుంది.

గోడలకు రంగులు వేయించకు, మేకులు కొట్టకు. అద్దె ఇల్లు, రేపు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోసుకుంటారు. ముందున్నవాళ్లు కొట్టిన మేకులు రెండు మూడు ఉండే ఉంటాయి, వాటినే వాడుకో. ఒక గోడకు చేర్యాల పటం ఒకటి తగిలించమని నా కోరిక. ఆ పటాలు గీసే నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, దాని మీద బొమ్మలు గీసి, వాటి వెనక భాగమంతా ఎర్ర రంగు నింపుతారు. ఒకప్పుడు కథలు చెప్పేవాళ్లు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ రాత్రంతా కులపురాణం చెప్పేవాళ్లు. ఇప్పుడు ఒక్క దృశ్యమే గీసిన చిన్న పటాలు, ముఖాల బొమ్మలు కూడా చేస్తున్నారు. చిన్నదే కొను, కానీ వాళ్ల చేతిదే కొను. ప్రింటు తీసినది వద్దు. ఎండ, తేమ తగలని గోడ చూడు. ఇంకో మాట, మీరంతా నేల మీద కూర్చుంటారు కాబట్టి పటం కూడా కిందికి రావాలి. నిలబడ్డవాళ్ల కళ్ల ఎత్తులో పెడితే కూర్చున్నవాళ్లు మెడలెత్తి చూడాలి. నువ్వు జంపఖానా మీద కూర్చుని, అల్లుడిని పటం పట్టుకోమని, పైకీ కిందికీ జరిపించి చూసుకో. పెంబర్తి ఇత్తడి, నిర్మల్ పొనికి చెక్క బొమ్మలు కూడా మనవే, కానీ అన్నీ ఒకేసారి వద్దు. పండక్కి ఒకటి చొప్పున చేరితే ప్రతి వస్తువుకూ ఒక కథ ఉంటుంది.

ప్లాస్టిక్ పూలు మాత్రం తేవద్దు. దుమ్ము పట్టి నెలకే ముఖం వేలాడేస్తాయి. బతుకమ్మ రోజుల్లో చేల గట్ల మీద గునుగు విరగబూస్తుంది కదా, మనం రంగులద్ది బతుకమ్మను పేర్చేది. అది ఎండినా రాలదు, రంగు పెద్దగా పోదు. ఈసారి పువ్వు బాగా విచ్చాక కాడ పొడవుగా ఉంచి కోసి, ఆకులు తీసేసి, చిన్న కట్టలు కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదియ్యి. కాడలు గట్టిపడ్డాక కుమ్మరి దగ్గర కొన్న మామూలు కుండలో నిలబెడితే నెలలకొద్దీ అట్లాగే ఉంటుంది. ఈ ఆదివారానికి అది లేదు కాబట్టి ఒక వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి బంతిపూలు వదులు, చాలు. వాకిట్లో ముగ్గు ఎట్లాగూ వేస్తావు. బాత్‌రూం కడిగి, కొత్త సబ్బు, ఉతికిన తువ్వాలు పెట్టడం మర్చిపోకు. హాలు ఎంత సర్దినా వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకునేది అదే.

తిండి విషయం నీకు టెన్షన్‌గా ఉందని తెలుస్తూనే ఉంది. బిర్యానీ బయట నుంచి తెప్పిస్తే ఖర్చు, ఇంట్లో వండితే నువ్వు వంటింట్లోంచి బయటికి రావు. వచ్చినవాళ్లతో కూర్చోకుండా ఉండే ఇంటామె నాకు నచ్చదు. అందుకని రెండింటి పని ముందే చాలావరకు అయిపోవాలి, ఒక్కటి మాత్రమే వేడివేడిగా ఉండాలి.

శనివారం రాత్రి పల్చటి అటుకులు అరకిలోతో చుడువా చేసి డబ్బాలో పెట్టు, పల్లీలు, పుట్నాలు, కరివేపాకు ధారాళంగా వెయ్యి. అదే రాత్రి అరకిలో శనగలు నానబెట్టు. ఆదివారం పొద్దున ఉడికించి పెట్టుకుంటే సాయంత్రం ఎండుమిర్చి, ఉల్లిగడ్డ పోపు వేసిన గుడాలు పది నిమిషాల పని. వేడిగా చేసేది సర్వపిండి. అది కూడా నువ్వు చెయ్యవు, వచ్చినవాళ్లే చేస్తారు.

కిలో బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కొత్తిమీర, కారం, ఉప్పు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ రొట్టెపిండి కంటే కొంచెం మెత్తగా కలుపు. చిన్న గిన్నెలైతే కిలోకు పది దాకా వస్తాయి. అడుగు మందంగా, లోతుగా ఉన్న గిన్నెకు లోపల నూనె రాసి, పిండి ముద్ద పెట్టి, చేత్తో అడుగంతా, కొంచెం అంచుల మీదికి కూడా పలుచగా ఒత్తాలి. వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నని మంట మీద ఉంచాలి. తిప్పే పని లేదు, ఒకవైపే కాలి కరకరలాడుతుంది, పైన మెత్తగా ఉంటుంది. అయితే రెండోది ఒత్తాలంటే గిన్నె చల్లారాలి, లేకపోతే చెయ్యి కాలుతుంది. కాలిన గిన్నెను బోర్లించి దాని మీద నీళ్లు పోస్తాం కదా, పదిమంది ఉన్నప్పుడు అట్లా కుదరదు. పక్కింటి వాళ్ల దగ్గర ఇంకో మూడు గిన్నెలు అడుగు. రెండు పొయ్యిల మీద రెండు, హాల్లో పేపరు పరిచి దాని మీద ఒత్తడానికి మూడు. ఒక్కొక్కరు వాళ్ల సర్వపిండి వాళ్లే ఒత్తుకుంటారు. ఒకరిది మందం, ఒకరిది పలుచన, ఒకరు ముప్పై బొక్కలు పెడతారు. ఇప్పటిదాకా ఆఫీసులో గుడ్ మార్నింగ్ తప్ప మాట్లాడుకోనివాళ్లు అక్కడ కలిసిపోతారు. నేను వరంగల్లో ఉన్నన్నాళ్లూ మా వాడకట్టులో కొత్తగా దిగినవాళ్లను అందరితో కలిపింది ఆ గిన్నెలే.

తాగడానికి అల్లం, కరివేపాకు దంచి వేసిన సల్ల, అదే మజ్జిగ, చాలు, కొత్త కుండలో పోసిపెట్టు. కుండను ముందురోజే కడిగి నీళ్లు పోసి నానబెట్టకపోతే మట్టివాసన వస్తుంది. తినడానికి మోదుగాకు విస్తర్లు, దొప్పలు కొను, థర్మకోల్ పళ్లేలు ఇంట్లోకి రానివ్వకు.

టీవీ పెట్టకు, పెడితే అందరూ దాని వైపు తిరుగుతారు. నాలుగు గవ్వలు, ఒక సుద్దముక్క దగ్గర పెట్టుకో. జంపఖానా అంచు కొంచెం మడిచి, నేల మీద ఐదు బై ఐదు గళ్లు గీస్తే అష్టాచెమ్మా సిద్ధం. నలుగురు ఆడుతుంటే మిగతావాళ్లు చుట్టూ చేరి పందెం చెప్పకుండా ఉండలేరు. చింతగింజలు, పల్లీలు, చొక్కా గుండీలు, ఏవైనా కాయలే.

మీవాళ్లలో ఎవరికైనా మోకాళ్ల నొప్పులుంటే ఆ రెండు కుర్చీలు వాళ్లకు. వాటిని మాత్రం దూరంగా వెయ్యకు, మెత్తల వరుసలోనే వేసి మీద బొంత మడిచి పరుచు. కింద ఇంటి ఓనర్ వాళ్లకు శనివారమే చెప్పు, సాయంత్రం పదిమంది వస్తారు, కొంచెం గోల ఉంటుందని. చెప్పి ఊరుకోకు, ఆమెను కూడా పిలువు. సర్వపిండి ఒత్తడంలో ఆమె మీ అందరికంటే గట్టిది అయ్యుంటుంది.

గొంగడి శుక్రవారం మీ తమ్ముడు వస్తుంటే పంపిస్తాను. గంప లాంపు వెలిగించాక ఫోటో పెట్టు. జంపఖానా కొలత కూడా రాయి, మా హాలుకు ఒకటి తీసుకోవాలి, నువ్వు కొత్తవాడ వెళ్లినప్పుడే రెండూ చూడవచ్చు.

మీ పెద్దమ్మ,
హుజూరాబాద్