దీవెనకు, త్రిత్వ ఆదివారం పాఠం గురించి

ప్రభువునందు ప్రియమైన దీవెనకు,
పెదనాన్న ఆశీస్సులు.

త్రిత్వ ఆదివారం యూత్ కూటంలో పాఠం నువ్వే చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల నిలబడి వాక్యం చెప్తుందంటే ఎంత సంతోషమో నీకు వేరే చెప్పాలా! కానీ ఫోన్ పెట్టేసేముందు వాడు గొప్పగా ఇంకో మాట అన్నాడు. మొదటి స్లయిడ్‌లో కోడిగుడ్డు, రెండోదానిలో నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి పెట్టావట. తల్లీ, ఆ రెండూ తీసెయ్. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. మిగతావి దారిలో వస్తాయి.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నీకిచ్చింది 40 నిమిషాలు. 25 నిమిషాల్లో పాఠం ముగించి, మిగిలింది ప్రశ్నలకు వదులు. వాక్యాలు పిల్లలచేతే చదివించు. సిగ్గుపడేవాళ్లు ఉంటారు కాబట్టి ప్రశ్నలు చీటీల మీద రాయించుకో. తెలియనిది అడిగితే "చూసి చెప్తాను" అను. నామోషీ ఏమీ లేదు.

లెక్కతో మాత్రం మొదలుపెట్టకు. "ఒకటి ఒకటి ఒకటి కూడితే మూడు, గుణిస్తే ఒకటే" అనే చమత్కారం మన ప్రసంగాల్లో పాతుకుపోయింది. దానికి చప్పట్లు వస్తాయి, అర్థం రాదు. కూడికను గుణకారంగా ఎందుకు మార్చావని ఒక్క పిల్లవాడు అడిగితే నీ దగ్గర జవాబుండదు.

మొదటి విశ్వాసులు మొదలుపెట్టినచోటే నువ్వూ మొదలుపెట్టు. వాళ్లు యూదులు. "ఇశ్రాయేలూ వినుము, మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అని పొద్దున సాయంత్రం చెప్పుకునేవాళ్లు. అలాంటివాళ్లు యేసుకు మొక్కారు, ఆయన పేరట ప్రార్థించారు, అయినా దేవుళ్లు ఇద్దరని ఒక్కరోజూ అనలేదు. అందుకే ద్వితీయోపదేశకాండము 6:4 చదివించిన వెంటనే 1 కొరింథీయులకు 8:6 చదివించు. పౌలు పాత ఒప్పుకోలునే తీసుకుని, దేవుడొక్కడే, ఆయన తండ్రి అనీ, ప్రభువొక్కడే, ఆయన యేసుక్రీస్తు అనీ దానిలోపలే యేసును నిలబెట్టాడు. సిలువ తర్వాత పాతికేళ్లు కూడా సరిగా నిండకముందు రాసిన ఉత్తరం అది. ఆ తర్వాత మత్తయి 3:16, 17: కుమారుడు నీళ్లలోనుంచి ఒడ్డుకు వస్తున్నాడు, ఆత్మ పావురంవలె దిగుతున్నాడు, తండ్రి స్వరం ఆకాశంనుంచి వినబడుతోంది. ముగ్గురూ ఒకే గడియలో. ఈ దృశ్యాన్ని వాళ్ల మనసులో గట్టిగా నాటు, ముందుముందు పనికొస్తుంది.

ఇక బోర్డు మీద ఏడు వాక్యాలు రాయి. తండ్రి దేవుడు. కుమారుడు దేవుడు. పరిశుద్ధాత్మ దేవుడు. తండ్రి కుమారుడు కాడు. కుమారుడు పరిశుద్ధాత్మ కాడు. పరిశుద్ధాత్మ తండ్రి కాడు. దేవుడు ఒక్కడే. త్రిత్వ సిద్ధాంతమంతా ఇంతే. ఈ ఏడూ ఎలా కలుస్తాయో విప్పి చూపించడం మన పని కాదు, ఏ ఒక్కటీ జారిపోకుండా చూసుకోవడమే మన పని. సంఘచరిత్రలో వచ్చిన ప్రతి తప్పూ వీటిలో ఏదో ఒకటి చెరిపేస్తే వచ్చిందే. రెండోది చెరిపితే అరియుస్ తప్పు (ఆయన సంగతి తర్వాత చెప్తాను), మూడోది చెరిపితే ఆత్మ దేవుడు కాదన్నవాళ్లు, ఏడోది చెరిపితే ముగ్గురు దేవుళ్లు. మధ్యలో ఉన్న మూడు "కాడు"లు చెరిపితే వచ్చేది సబెల్లియుస్ తప్పు. నీ నీళ్లూ మంచూ ఆవిరీ స్లయిడ్ చేసే పని అదే.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు. రెండో శతాబ్దం చివర్లో స్ముర్న పట్టణంలో నోయెతుస్ అని ఒకాయన ఉండేవాడు. తండ్రే కుమారుడుగా పుట్టి, శ్రమపడి, చనిపోయాడని బోధించాడు. సంఘపెద్దలు పిలిచి నిలదీస్తే "క్రీస్తును మహిమపరచడంలో నా తప్పేమిటి?" అని ఎదురడిగాడట. చెడ్డ ఉద్దేశం కాదు చూడు. దేవుడొక్కడే, యేసు దేవుడే, ఈ రెండూ కాపాడాలనే తాపత్రయం. ఆ తర్వాత రోములో సబెల్లియుస్ దాన్ని ఇంకా నున్నగా చెక్కాడు. దేవుడు ఒక్కడే, ఒకప్పుడు తండ్రిగా, ఒకప్పుడు కుమారుడుగా, ఒకప్పుడు ఆత్మగా కనబడతాడు అన్నాడు. 217 నుంచి 222 వరకు రోము బిషప్పుగా ఉన్న కల్లిస్తుస్ అతన్ని వెలివేశాడు. ఇదే బోధ చేసిన ప్రక్సెయస్ అనే ఇంకొకాయన మీద ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత ఒక పుస్తకమే రాశాడు. ప్రక్సెయస్ రోములో సాతానుకు రెండు పనులు చేసిపెట్టాడట: ఆదరణకర్తను, అంటే పరిశుద్ధాత్మను, తరిమేశాడు, తండ్రిని సిలువ వేశాడు. తెర్తుల్లియన్ నోరు మంచిది కాదు గాని, గురి మాత్రం తప్పలేదు.

ఏం చెడుతుందో వరసగా చూడు. ఒకే నీరు ఒకే సమయంలో మంచుగానూ ఆవిరిగానూ ఉండదు, ఒకటి పోతేనే ఇంకొకటి వస్తుంది. మరి యొర్దాను ఒడ్డున స్వరం ఎవరిది? గెత్సేమనేలో "తండ్రీ" అని యేసు మోకరించింది ఎవరి ముందు? తనకు తానే ప్రార్థించుకున్నాడంటే అది ప్రార్థన కాదు, వేషం. "వేరొక ఆదరణకర్త"ను పంపమని తండ్రిని వేడుకుంటానన్నాడే, ఆ మాటా అబద్ధమవుతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం యోహాను 17:24 దగ్గర. "జగత్తు పునాది వేయబడక మునుపే నీవు నన్ను ప్రేమించితివి" అంటాడు. సృష్టి లేకముందే అక్కడ ప్రేమ ఉంది, ప్రేమించేవాడూ ప్రేమ పొందేవాడూ ఉన్నారు. దేవుడు ప్రేమాస్వరూపి అనడానికి ఆధారం అదే. సబెల్లియుస్ దేవుడికి మనల్ని పుట్టించేదాకా ప్రేమించడానికి ఎవరూ లేరు. పైగా మనకు కనబడ్డవన్నీ పైపై రూపాలే అయితే, వాటి వెనక అసలు దేవుడు ఎలాంటివాడో మనకెప్పుడూ తెలియనట్టే. యేసును చూసినవాడు తండ్రిని చూశాడన్న మాట మీద ఇక ఎవరు ఆనుకోగలరు?

ఒకే మనిషి ఇంట్లో తండ్రి, ఆఫీసులో ఉద్యోగి, అత్తగారింట్లో అల్లుడు అనే పోలికా ఇదే తప్పు. గుడ్డుది ఇంకో రకం. పెంకు ఒక్కటే గుడ్డు కాదు, అది గుడ్డులో ఒక భాగం. కుమారుడు దేవునిలో మూడోవంతు కాడు, సంపూర్ణంగా దేవుడు.

ఈ పాత తప్పు పుస్తకాల్లో ఉండిపోలేదమ్మా. 1913లో అమెరికాలో లాస్ ఏంజలెస్ దగ్గర జరిగిన ఒక పెంతెకొస్తు కూటంలో "యేసు నామమున మాత్రమే బాప్తిస్మం" అనే బోధ లేచింది, తండ్రీ ఆత్మా కూడా యేసే అనేదాకా వెళ్లింది. 1916 నాటికి అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘం ఆ విషయం మీదే చీలింది. ఆ బోధ మన జిల్లాల్లోకీ వచ్చింది. నీ క్లాసులో ఎవరో ఒకరు అపొస్తలుల కార్యములు 2:38 తీసి, అక్కడ "యేసుక్రీస్తు నామమున" అనే ఉంది కాబట్టి త్రిత్వ నామంలో పొందిన బాప్తిస్మం చెల్లదంటారు. కంగారుపడకు. 19వ అధ్యాయం తెరువు. పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వినలేదని ఎఫెసులో శిష్యులు చెప్పగానే, అలాగైతే మీరు పొందిన బాప్తిస్మం ఏమిటని పౌలు అడిగాడు. అంటే బాప్తిస్మంలో ఆత్మ పేరు వినబడి ఉండాలనేగా. ఇది యోహాను బాప్తిస్మం కాదు, యేసుది అని వేరుచేసి చెప్పడానికి లూకా "యేసు నామమున" అంటాడు. నీళ్లలో ఏ మాటలు పలకాలో మత్తయి 28:19 చెప్తుంది. దిదాఖే అనే తొలినాటి సంఘ నియమావళి కూడా పారే నీళ్లలో తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామములోనికి బాప్తిస్మమివ్వమంటుంది, నీళ్లు చాలకపోతే తలమీద మూడుసార్లు పోయమంటుంది.

మన ప్రార్థనల్లోనే ఈ తప్పు ఎంత దొర్లుతుందో ఈ ఆదివారం చెవి పెట్టి విను. "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టి, నాలుగో వాక్యంలో "మా కోసం సిలువలో రక్తం కార్చి చనిపోయావు తండ్రీ" అంటారు. తండ్రి చనిపోలేదు. చిన్నప్పుడు భోజనం ముందు నువ్వు ఇలాగే అంటే మీ తాతయ్య అన్నం ముందు పెట్టుకుని, నువ్వు సరిగా చెప్పేదాకా ముద్ద ఎత్తేవాడు కాదు. కఠినం అనిపించేది, నీ కళ్లలో నీళ్లు తిరిగేవి. కానీ ఆ తర్వాత నువ్వు ఎప్పుడూ తడబడలేదు. పిల్లలకు ఎఫెసీయులకు 2:18 చూపించు: తండ్రి సన్నిధికి, క్రీస్తు ద్వారా, ఆత్మయందు. ఆ దారిలో ప్రార్థించడం నేర్చుకున్నవాడికి సబెల్లియుస్ అంటుకోడు. యేసుకు ప్రార్థించకూడదని కాదు, స్తెఫను ప్రార్థించాడు. ఎవరితో మాట్లాడుతున్నామో ఎరిగి మాట్లాడమంటున్నాను.

త్రిమూర్తులలాగానా అని తప్పకుండా అడుగుతారు. పక్కింటివాళ్ల నమ్మకాన్ని ఎగతాళి చేసే ఒక్క మాట కూడా నీ నోట రాకూడదు. తేడా మాత్రం చెప్పు. అక్కడ సృష్టి, స్థితి, లయ అని పనులు పంచి చెప్తారు. ఇక్కడ పనుల పంపకం లేదు. సృష్టి తండ్రిది అనుకుంటాం గాని, యోహాను 1:3 చూస్తే వాక్యం లేకుండా ఏదీ కలగలేదు, కీర్తన 104:30 చూస్తే ఆత్మను పంపితేనే అవి సృష్టించబడ్డాయి. ఒకే పని, ముగ్గురిదీ.

అరియుస్ సంగతి క్లుప్తంగా చాలు. అలెగ్జాండ్రియాలో ప్రెస్బిటరు, అంటే సంఘపెద్ద, "కుమారుడు లేని కాలం ఒకటుండెను" అన్నవాడు. 325లో నికయలో కూడిన బిషప్పుల సభ దాన్ని తోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని ఒప్పుకోలులో రాసింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మ గురించి పెంచి రాసింది. కాన్‌స్టంటైన్ చక్రవర్తే యేసును దేవుణ్ని చేశాడని వీడియోల్లో చూసివచ్చిన కుర్రవాడు ఒకడైనా ఉంటాడు. వాడికి రెండు సంగతులు చెప్పు. త్రిత్వమనే మాట లాటినులో తెర్తుల్లియన్ రాసింది నికయకు వందేళ్లకు పైగా ముందు. ఇక చక్రవర్తి 337లో మరణశయ్య మీద బాప్తిస్మం పొందింది అరియుస్ పక్షం వహించిన బిషప్పు చేతులమీదుగా. నికయ విశ్వాసం కోసం నిలబడ్డ అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియుస్ ఐదుసార్లు దేశబహిష్కారం పాలయ్యాడు. రాజుగారు అంటగట్టిన సిద్ధాంతమైతే ఆయన్ని అన్నిసార్లు ఎందుకు తరుముతారు?

యెహోవాసాక్షులు ఇంటింటికీ వచ్చి చూపించే వాక్యాలు ముందే చదువుకో. కొలొస్సయులకు 1:15లో "ఆదిసంభూతుడు" అంటే మొదట సృష్టించబడ్డవాడంటారు. తర్వాతి వచనమే సర్వమూ ఆయనయందు సృజింపబడిందంటుంది. జ్యేష్ఠత్వం హోదా కూడా కావచ్చు: యెష్షయి కడసారి కొడుకైన దావీదును కీర్తన 89:27లో దేవుడు జ్యేష్ఠకుమారునిగా చేస్తానన్నాడు. యోహాను 14:28లో "తండ్రి నాకంటె గొప్పవాడు" అన్నది దాసుని స్వరూపం ధరించి, తండ్రి దగ్గరికి వెళ్లబోతున్న కుమారుడు. ఫిలిప్పీయులకు 2:6, 7 పక్కన పెట్టుకుని చదువు. వాళ్లతో వాదన పెట్టుకోవద్దని పిల్లలకు చెప్పు, మంచినీళ్లిచ్చి మర్యాదగా పంపమను. నా భయమల్లా ఆ వాదనల్లో ఓడి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లోపల్లోపల కుంగిపోయే పిల్లల గురించి. అలాంటివాళ్లను కనిపెట్టు.

1 యోహాను 5:7 మాత్రం ముట్టుకోకు. పరలోకంలో సాక్ష్యమిచ్చువారు ముగ్గురని పాత ఇంగ్లీషు బైబిల్లో ఉంటుంది, మన తెలుగు బైబిల్లో ఆ మాట లేదు. పాత గ్రీకు ప్రతుల్లోనూ లేదు. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేయించిన పండితుడు ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో వదిలేసి, ఒత్తిడి వచ్చాక 1522లో చేర్చాడు. బలహీనమైన వాక్యం మీద నిలబడితే బలమైనవి కూడా అనుమానంలో పడతాయి.

పరిశుద్ధాత్మను "శక్తి" అనే అలవాటు మనవాళ్లలో ఎక్కువ. శక్తికి దుఃఖం కలగదు, శక్తితో ఎవరూ అబద్ధమాడలేరు. ఎఫెసీయులకు 4:30, అపొస్తలుల కార్యములు 5:3, 4 చదివించు. "ముగ్గురు వ్యక్తులు" అన్నప్పుడు కమిటీలో ముగ్గురు మెంబర్లు అనుకోకుండానూ చూడు. ఆ మాట చాలదని పాతకాలపు సంఘ పండితుడు అగస్తీనుకూ తెలుసు. చెప్పకుండా ఉండిపోకూడదు కాబట్టి అంటున్నామన్నాడు. త్రిత్వం మీద 15 గ్రంథాలు రాసి, చివరికి ప్రార్థనతో ముగించాడాయన.

మీ ఆఫీసులో మలయాళీ ఆర్థడాక్స్ స్నేహితురాలు ఉందన్నావు కదా. ఆ అమ్మాయిని పిలిస్తే ఒకటి గుర్తుపెట్టుకో: వాళ్ల విశ్వాస ప్రమాణంలో ఆత్మ తండ్రినుండి బయలుదేరుతాడని ఉంటుంది, "కుమారుని నుండియు" అని ఉండదు. అది పశ్చిమ సంఘాలు తర్వాత చేర్చుకున్న మాట. ఆ చర్చ నీ 40 నిమిషాల్లో పెట్టకు.

చివర్లో 2 కొరింథీయులకు 13:14 అందరిచేతా కలిసి చెప్పించు. ప్రతి ఆరాధన చివరా వినేదే, ఈసారి అర్థం తెలిసి చెప్తారు. కూటం అయ్యాక చీటీలన్నీ ఫోటో తీసి నాకు పంపు. యెహోవా తనను కలుగజేశాడని జ్ఞానం చెప్పే సామెతలు 8:22 గురించి ఎవరైనా అడిగితే నువ్వు తొందరపడి జవాబివ్వకు, ముందు నాకు ఫోన్ చెయ్యి. దానికి ఇంకో ఉత్తరం కావాలి.

నీ పెదనాన్న